అమ్మ బొమ్మల పెట్టె మా ఇంటికి వచ్చింది, ఈ సంక్రాంతికి కొలువు నేనే పెడుతున్నా

ముగ్గులపీట (నిజాంపేట, హైదరాబాద్)
డిసెంబర్ 21, ఆదివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను కానీ రాయడం తక్కువ. ఈరోజు రాయకుండా ఉండలేకపోయాను.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మ ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. నాకు ఊహ తెలిశాక ఒక్క ఏడాదే మానేసింది, తాతయ్య పోయిన సంవత్సరం. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. వంగి లేచి మెట్లు సర్దడం తన వల్ల కావట్లేదు. నవంబర్‌లో మా దగ్గరికి వచ్చేసేటప్పుడు రెండు ట్రంకు పెట్టెలు కూడా పార్సిల్ వేయించి, "ఇక నువ్వు పెట్టుకోవే" అంది. అంతే, ఇంకో మాట లేదు.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక మొదటి పెట్టె తెరిచాను. మూత తీయగానే ఎండిన వేపాకు, కర్పూరం కలిసిన వాసన. మా ఊరి ఇంట్లో అటక మీద వాసన అది. ప్రతి బొమ్మనీ పాత నూలు చీర ముక్కలో చుట్టి, దారం కట్టి, దానికో చీటీ పెట్టింది అమ్మ. చీటీల మీద పెన్సిల్ రాతలు: "2వ మెట్టు, ఎడమ పక్క", "పెళ్లి ఊరేగింపు, సన్నాయి ఆయన వెనకాల ఉండాలి", "జాగ్రత్త, చెయ్యి అతికించాను". ఒక్కో మూట విప్పుతుంటే అందులో ఏముందో చేతికి ముందే తెలిసిపోయింది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ నాకు చిన్నప్పుడు ప్రాణం. నడుముకి ఉండే కుండ ఊడిపోయింది. అమ్మ దాన్ని పారేయకుండా అగ్గిపెట్టెలో దూది మధ్య దాచి పెట్టింది.

రాత్రి రెండు దాటింది. మా ఆయన లేచి వచ్చి చూసి, ఏమీ అనకుండా రెండు కప్పుల టీ పెట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు.

అపార్ట్‌మెంట్‌లో అందరికీ "పిల్లల కోసం పెడుతున్నానండీ" అని చెప్తున్నాను. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. కానీ నిన్న రాత్రి అక్కడ పిల్లలు లేరు. ఆ సంతోషమంతా నాదే. అది ఒప్పుకోవాలంటే ఎందుకో మొహమాటంగా ఉంది.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మెట్లు ఎన్ని పెట్టాలి, దేనితో కట్టాలి? పాత కొయ్య బొమ్మల మీద దుమ్ము ఎలా తీయాలి? ఆ కుండ ఏ జిగురుతో అతికించాలి? ఏటా ఒక కొత్త బొమ్మైనా చేరాలని అమ్మ నియమం. హైదరాబాద్‌లో మంచివి ఎక్కడ దొరుకుతాయి? ఈసారి భోగి జనవరి 14, బుధవారం. మూడు వారాలే ఉంది.

---

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
డిసెంబర్ 22, ఉదయం 6:15

అమ్మా, చీటీల సంగతి చదివి మా ఆవిడకి వినిపించాను. కళ్లు తుడుచుకుంది. మా ఇంట్లో 31 ఏళ్లుగా కొలువు పెడుతున్నాం. పిల్లలిద్దరూ పెళ్లిళ్లై వెళ్లిపోయారు. అయినా పెడుతున్నాం. కాబట్టి "పిల్లల కోసం" అనే మాట మా ఇంట్లో ఎప్పుడో చెల్లిపోయింది.

మెట్లు బేసి సంఖ్యలో పెడతారు, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. మీకు మొదటిసారి కాబట్టి మూడు చాలు, అయిదైతే నిండుగా ఉంటుంది. బల్లలు, స్టూళ్లు, గట్టి అట్టపెట్టెలు ఏవైనా ఎత్తు వారీగా పేర్చి, పైన తెల్లటి పంచె బిగుతుగా పరిచి గుండుసూదులు పెట్టండి. బట్ట వదులుగా ఉంటే బొమ్మలు ఒరుగుతాయి. పై మెట్టు మీద కలశం, దేవుళ్లు. కిందికి వచ్చేకొద్దీ అవతారాలు, పెళ్లి, మనుషులు, పశువులు, ఊరు. అన్నిటికంటే కింద నేల మీద మీకు నచ్చిన కట్టడం. మేమైతే మా ఊరి కోటిలింగాల రేవు కడతాం, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి గోదావరి అంటాం.

మీరు ముందుగా ఒక పని గుర్తుపెట్టుకోవాలి. పండక్కి వారం ముందు పళ్లాల్లో మట్టి పోసి ఆవాలు, మెంతులు చల్లండి. మూడో రోజుకి మొలకలు వస్తాయి, భోగి నాటికి పచ్చటి పొలం తయారవుతుంది. దాని మధ్యలో ఎడ్లబండి బొమ్మ నిలబెట్టి చూడండి. ఆ పని మాత్రం నేను ఎవరికీ ఇవ్వను, రోజూ పొద్దున్నే నీళ్లు చిలకరించేది నేనే.

---

కృష్ణ ఒడ్డు (ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా)
డిసెంబర్ 22, ఉదయం 9:02

అక్కా, గీత కార్మికుడి బొమ్మ అంటున్నారంటే అది కొండపల్లిదే. మా ఊరు ఆ పక్కనే, చిన్నప్పటి నుంచి బొమ్మల కాలనీలోకి వెళ్లి కూర్చునేవాడిని. దయచేసి సూపర్ జిగురు పెట్టకండి. అది గట్టిపడితే కర్ర, పక్కనున్న రంగు పాడవచ్చు.

కొండపల్లి బొమ్మ తెల్ల పొనికి కర్రతో చేస్తారు. చాలా తేలికైన, మెత్తటి కర్ర. మొత్తం బొమ్మ ఒక్క ముక్కలో చెక్కరు. ఒళ్లు, చేతులు, తల, కుండ విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆరాక దాని మీద సుద్ద పూసి, అప్పుడు రంగులు వేస్తారు. మీ అమ్మగారు "చెయ్యి అతికించాను" అని రాశారు చూడండి, బహుశా మక్కుతోనే అతికించి ఉంటారు.

ఇంట్లో చేసుకోవచ్చు. గుప్పెడు చింతగింజలు వేయించి, రాత్రంతా నానబెట్టి, పైపొట్టు తీసి ఎండబెట్టి మెత్తగా పొడి చేయండి. కొంచెం నీళ్లలో ఆ పొడి వేసి సన్నటి మంట మీద తిప్పుతూ ఉంటే జిగురులా అవుతుంది. చల్లారాక వడ్రంగి షాపులో దొరికే సన్నటి రంపపు పొట్టు కలపండి. చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా ఉండాలి. బియ్యపు గింజంత తీసుకుని కుండ వెనకాల పెట్టి నొక్కి, రెండు రోజులు కదపకండి.

దుమ్ముకి తడి గుడ్డ అసలు వాడొద్దు. పాత బొమ్మల రంగు కరుగుతుంది, మక్కు నానుతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో పైనుంచి కిందికి తుడవండి. కర్రలో చిన్న చిల్లులు, పక్కన పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టు. ఆ బొమ్మని వెంటనే వేరే పెట్టండి.

---

ముగ్గులపీట
డిసెంబర్ 22, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, అమ్మకి చదివి వినిపించాను. "అవునే, చింతగింజల జిగురే, కొండపల్లి వెళ్లినప్పుడు అక్కడ ఒకాయన చూపించాడు" అంది. 1987లోనో 88లోనో వెళ్లిందట. నాకు ఇన్నేళ్లూ తెలియనే తెలియదు! చింతగింజలు నానబెడుతున్నాం. పాప ఒక్కో గింజ నీళ్లలో వేస్తోంది, వాళ్ల అమ్మమ్మ పక్కన కూర్చుని కథ చెబుతోంది.

---

పాలకొల్లు నాన్న
డిసెంబర్ 22, సాయంత్రం 5:48

మీ పోస్టు చదువుతుంటే నా చేతికి జిగురు అంటుకుని ఉంది. మాది క్రిస్మస్ హడావుడి, ఇంకా మూడు రోజులు. వెదురు బద్దలతో అయిదు కోణాల నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెడతాను. షాపులో మడత విప్పితే చాలు అనే నక్షత్రాలు దొరుకుతాయి, బాగానే ఉంటాయి. కానీ మా నాన్న కట్టేవాడు, నేనూ కడతాను. బద్దల్ని ముందురోజు నీళ్లలో నానబెడితే విరగవు. మూలల దగ్గర దారం ఎనిమిది చుట్లు తిప్పాలి, నాలుగు చుట్లైతే డాబా మీద గాలికి ఊడిపోతుంది.

యేసు పుట్టిన పశువుల పాక కూడా పెడతాం. వరిగడ్డి కప్పు, కింద ఇసుక. గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన మొలకల పొలం మా పాక ముందు కూడా ఉంటుంది! మేం రాగులు చల్లుతాం. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఈసారి "నాన్నా, నాకు పరీక్షలు, నువ్వే చెయ్యి" అంది. ఒక్కడినే కూర్చుని చేశాను. మొదట కొంచెం వెలితిగా అనిపించింది. తర్వాత రేడియో పెట్టుకుని పని మొదలుపెడితే మూడు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. కాబట్టి మొహమాటపడకండి అమ్మా. పండగలో అమ్మానాన్నలకీ వాటా ఉంది.

---

లెక్కల పుస్తకం (గుంటూరు)
డిసెంబర్ 23, ఉదయం 8:20

అందరూ ఆనందం గురించి రాస్తున్నారు, మంచిదే. ఖర్చు సంగతి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి వరసగా వస్తాయి. బట్టలు, పిండివంటలు, అల్లుడి రాక, ఇప్పుడు "థీమ్" డెకరేషన్లు. మా పక్కింటివాళ్లు పాప భోగిపళ్లకి బ్యాక్‌డ్రాప్, బెలూన్లు, ఫోటోగ్రాఫర్ కలిపి 18 వేలు పెట్టారు. చూసి మా ఆవిడ అడిగింది. కాదని చెప్పలేక, అవునని చెప్పలేక రెండు రోజులు టెన్షన్. మధ్యతరగతి ఇళ్లలో సరదా పేరుతో అప్పు చేయడం నాకు బాధగా ఉంటుంది.

---

చిలకలగూడ అమ్మ (సికింద్రాబాద్)
డిసెంబర్ 23, ఉదయం 10:10

లెక్కల పుస్తకం గారూ, మీరు అన్నది నిజం, అందులో వాదన లేదు. కానీ పండగ షాపింగ్ అంటే నాకు గుర్తొచ్చేది 18 వేలు కాదండీ.

నేను ప్రతి జనవరిలో మోండా మార్కెట్‌కి పొద్దున్నే ఆరున్నరకి వెళ్తాను. రేగిపళ్ల గంపలు దిగే వేళ అది. పచ్చివి, దోరవి, ఎర్రగా మాగినవి కలిపి రెండు కిలోలు తీసుకుంటాను. పట్టుకుంటే గట్టిగా, నిగనిగలాడుతూ ఉండాలి. ముడతలు పడినవి పిల్లల తల మీద పోస్తే చితికి జుట్టుకి అంటుకుంటాయి. అక్కడి నుంచి చెరకు గడ, రెండు మూరల బంతి, అరకిలో చామంతి. బ్యాంకులో కొత్త రూపాయి బిళ్లలు వంద అడిగి తెచ్చుకుంటాను. పోయినేడు మొత్తం ఖర్చు, ఆటోతో సహా, 900 లోపు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెరకు గడ బయటికి పొడుచుకొచ్చి, ఒళ్లో పూలు, కాళ్ల దగ్గర పళ్లు. ఆ అరగంట ప్రయాణం నాకు పండగలో అన్నిటికంటే ఇష్టం.

భోగిపళ్లకి రేగిపళ్లు, పూరేకులు, చెరకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర కలిపితే చాలు. మూడుసార్లు దిష్టి తీసినట్టు తిప్పి తల మీద పోయాలి, పెద్ద ముత్తైదువ మొదలుపెడుతుంది. పోశాక చిల్లర కోసం పిల్లలంతా కిందపడి ఏరుకుంటారు చూడండి, అదీ అందం. దానికి బ్యాక్‌డ్రాప్ ఏం చేస్తుంది?

---

లెక్కల పుస్తకం
డిసెంబర్ 23, ఉదయం 11:25

900 అంటే మాకూ వీలవుతుంది. మా ఆవిడకి ఈ పోస్టు పంపాను. "మనమిద్దరం కలిసి మార్కెట్‌కి వెళ్దాం" అని జవాబిచ్చింది. తను అడిగింది బ్యాక్‌డ్రాప్ కాదేమో, నేనే అలా అర్థం చేసుకున్నానేమో అనిపిస్తోంది.

---

ఓరుగల్లు బిడ్డ (హనుమకొండ)
డిసెంబర్ 23, రాత్రి 9:14

మా దిక్కు సంక్రాంతికి ముగ్గులు, పతంగులే ఎక్కువ, కొలువు పెట్టేటోళ్లు తక్కువ. మాకు అసలు సంబురం బతుకమ్మ. ఇద్దరు ఆడపిల్లల తల్లిని కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్న.

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఆఖరి రోజు పెద్ద బతుకమ్మకు మా నాన్న ఊరి నుంచి తంగేడు, గునుగు తెస్తడు. సైకిల్ వెనక మూట కట్టుకొని చెరువు గట్ల మీద, చేన్ల పక్కన తిరిగి తెంపుకొస్తడు. 70 ఏళ్లు దాటినయి, వద్దంటే వినడు. గునుగు తెల్లగ ఉంటది కదా, కొసలు సమానంగ కోసి కట్టలు కట్టి రంగునీళ్లల్ల ముంచుత. ఎరుపు, నీలం, పచ్చ. ముంచి తీసినంక తలకిందులుగ ఆరబెట్టాలె, లేకుంటే రంగు కాడకు దిగి మరకలైతది. నా వేళ్ల రంగు వారం దాక పోదు. ఆఫీసుల అందరు అడుగుతరు, చూపిస్త.

తాంబాళంల గుమ్మడాకు పరిచి, వరుస మీద వరుస గుండ్రంగ పేర్చుకుంట పోవాలె. మధ్యల ఆకులు, పూల తొడిమెలు కూరాలె, లేకుంటే సగంల కుంగుతది. పైన పసుపు గౌరమ్మ. పోయినేడు నా నడుమంత ఎత్తు అయ్యింది. 2014ల రాష్ట్ర పండుగ చేసినంక గ్రౌండ్లల్ల లైట్లు, మైకులు వచ్చినయి, మంచిదే. కాని నాకు ఆ రోజు పొద్దుగాల మా వాకిట్ల నాన్న, నేను, నా బిడ్డలు పూల కుప్ప సుట్టు కూసున్న యాళ్లనే పండుగ.

---

ముగ్గులపీట
డిసెంబర్ 23, రాత్రి 10:30

ఓరుగల్లు అక్కా, వచ్చే బతుకమ్మకి మేం మీ దగ్గరికి వచ్చేస్తాం. గునుగు ముంచడం నేర్పాలి.

---

రాత్రి డ్యూటీ (గచ్చిబౌలి)
డిసెంబర్ 24, తెల్లవారుజామున 3:50

ఇది చదువుతుంటే నాకు సంతోషం కంటే దిగులు ఎక్కువైంది, నిజం చెబుతున్నాను. రాత్రి షిఫ్టు ఉద్యోగం, మూడేళ్ల బాబు. మా అత్తగారు పెద్ద ఎత్తున చేసేవారు, ఇప్పుడు లేరు. పండగ వస్తుందంటే చేయలేకపోతున్నానన్న బాధే. ఫోన్ తెరిస్తే అందరి ఇళ్లూ మెరిసిపోతుంటాయి. మీకు ఇంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

---

గోదారిగట్టు
డిసెంబర్ 24, ఉదయం 6:05

తల్లీ, మా ఆవిడ చెప్పమన్న మాట రాస్తున్నాను. మా పెద్దాడు పుట్టిన సంవత్సరం మా కొలువులో మూడు బొమ్మలే. కిటికీ గట్టు మీద తెల్ల రుమాలు పరిచి ఒక పార్వతీదేవి, ఒక ఆవు, ఒక చిలక. పేరంటానికి ముగ్గురు వచ్చారు, శనగలు, తాంబూలం ఇచ్చాం. ఆ ఏడాది ఫోటో మాత్రమే మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. మీ అత్తగారి బొమ్మలు ఏవైనా ఉంటే ఒక్కటి బయటికి తీయండి, చాలు.

---

చిలకలగూడ అమ్మ
డిసెంబర్ 24, ఉదయం 7:30

గచ్చిబౌలి నుంచి మా ఇంటికి గంట. భోగి సాయంత్రం బాబుని తీసుకుని రండమ్మా. రేగిపళ్లు నా దగ్గర ఉంటాయి, మా ఇంటి పిల్లలతో కలిపి మీ బాబుకీ పోస్తాం. నిజంగా పిలుస్తున్నాను, మెసేజ్ పెట్టండి.

---

చిత్తూరు చిన్నమ్మ
డిసెంబర్ 24, మధ్యాహ్నం 12:15

మా వైపు కొలువు దసరాకి. తమిళనాడు పక్కనే కాబట్టి మాకు మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు ఎక్కువ. గుజ్జు బొమ్మలు తేలిక, పడితే పగలవు, పిల్లలున్న ఇంటికి మంచివి. మట్టివి ముఖాల్లో కళ బాగుంటుంది, కానీ చేయి జారితే అంతే. కొనేటప్పుడు బొమ్మని తిరగేసి చూడండి, పూత లేని చోట మట్టి రంగో కాగితమో తెలిసిపోతుంది. చాక్‌పీస్‌లా తెల్లగా ఉండి, గోటితో గీస్తే పొడి రాలితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. అదీ అందంగానే ఉంటుంది గానీ అంచులు త్వరగా పెచ్చులూడతాయి.

మా ఇంట్లో కొయ్యతో చేసిన రాజా రాణి జంట ఉంది, తిరుపతిలో కొన్నది. ఏటా వాటికి కొత్త బట్టలు కడతాను. ఈసారి మా అమ్మాయి పట్టు పావడా అంచు ముక్క మిగిలితే రాణికి చీర, మా వారి పంచె కొస రాజుకి. జానెడు చీరకి కుచ్చిళ్లు పోయడం పెద్ద చీరకి పోయడం కంటే కష్టం.

---

వరాహనది (విశాఖపట్నం)
డిసెంబర్ 24, సాయంత్రం 6:40

కొత్త బొమ్మ అడిగారు కాబట్టి మా వైపు మాట. ఏటికొప్పాక లక్క బొమ్మలు తీసుకోండి. అనకాపల్లి జిల్లాలో ఎలమంచిలి దగ్గర, వరాహ నది పక్కన ఊరు. అంకుడు కర్రని తరిణి (లేతు మిషను) మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అందుకే ఆ నున్నదనం. గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు వాడతారు. ఆ సహజ రంగుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వినాయకుడు, పెళ్లి మేళం, బొంగరాలు, చిన్న వంటపాత్రల సెట్టు, అన్నీ ఉంటాయి. మీ నాలుగేళ్ల బాబు చేతికి బొంగరం ఇవ్వండి, పెద్దవాటి జోలికి రాడు.

ఒక జాగ్రత్త. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. రెండేళ్ల క్రితం మా అమ్మ ఇచ్చిన లక్క వినాయకుడిని శుభ్రం చేద్దామని శానిటైజర్‌తో తుడిచాను. గుడ్డంతా ఎర్రగా అయింది, తొండం మీద మెరుపు పోయింది. స్పిరిట్‌కి లక్క కరుగుతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పొడి మెత్తటి గుడ్డ చాలు. దీపానికి, వేడెక్కే బల్బులకి కూడా దూరంగా పెట్టండి.

హైదరాబాద్‌లో అయితే శిల్పారామం చూడండి. ఆన్‌లైన్‌లో జాగ్రత్త, మా చెల్లి "కొండపల్లి సెట్" అని తెప్పిస్తే అచ్చుపోసిన రెజిన్ బొమ్మలు వచ్చాయి. దశావతారాల్లో నాలుగింటికి ఒకే ముఖం!

---

కృష్ణ ఒడ్డు
డిసెంబర్ 24, రాత్రి 8:00

చేతిలో పెట్టుకుంటే తెలిసిపోతుంది. పొనికి బొమ్మ దూదంత తేలిక. పైగా చేత్తో వేసిన కనుబొమలు రెండు బొమ్మలకి ఒకేలా రావు.

---

ఫ్రిస్కో వదిన (టెక్సాస్)
డిసెంబర్ 27, రాత్రి 10:20 (మా టైము)

మేం వారం రోజులు ఊళ్లో లేము, ఇప్పుడే అంతా చదివాను. మా కొలువులో 64 బొమ్మలు. అన్నీ సూట్‌కేసుల్లో వచ్చినవే, ఒక్కో ట్రిప్పుకి ఆరేడు. అమ్మ పాత నూలు చీరల్లో చుట్టి ఇస్తుంది, ఆ చీరలు కూడా నా దగ్గరే ఉన్నాయి. నూలు చీరలకి ఇంతకంటే మంచి పని లేదు.

ఇక్కడ సంక్రాంతికి సెలవు ఉండదు. కానీ జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే సెలవు, అది పండగకి దగ్గరగా పడుతుంది. పూజ పండగ రోజే చేసుకుని, పేరంటం ఆ మూడు రోజుల సెలవుల్లో పెట్టుకుంటాం. ఈసారి 17, శనివారం. రేగిపళ్లు దొరకవు కాబట్టి క్రాన్‌బెర్రీలు. థాంక్స్‌గివింగ్ అప్పుడు కొని ఫ్రీజర్‌లో దాస్తాను, అదే సైజు, అదే ఎరుపు. పిల్లల తల మీద పోసే ముందు గంట బయట పెట్టాలి, లేకపోతే చల్లగా తగిలి కెవ్వుమంటారు.

నవంబర్ నుంచే నేను లిస్టు రాసుకోవడం మొదలుపెడతాను. ఆఫీసులో మీటింగు మధ్య కూడా "మూడో మెట్టు మీద పల్లకీ బదులు ఏనుగు అంబారీ పెడితే?" అని ఆలోచన వస్తుంది. 14 ఏళ్లైంది ఇక్కడికి వచ్చి. ఆ లిస్టు రాస్తున్నప్పుడు నాకు ఊరు దూరంగా అనిపించదు.

---

ముగ్గులపీట
జనవరి 11, ఆదివారం, రాత్రి 11:15

మెట్లు కట్టాం! అయిదు. రెండు డైనింగ్ బల్లలు (ఒకటి పక్క ఫ్లాటు వాళ్లది), పుస్తకాల అట్టపెట్టెలు, పైన నాన్న పంచెలు. ఆవాలు రెండంగుళాలు వచ్చాయి. కుండ అతుక్కుంది, రెండు రోజులు కాదు, భయంతో వారం కదపలేదు. శిల్పారామంలో ఏటికొప్పాక వంటపాత్రల సెట్టు, తెలంగాణలోని చేర్యాల ఊరి ముఖం బొమ్మ (మాస్కు) ఒకటి కొన్నాను. పాప తన డబ్బులతో ఒక చిన్న చిలక కొంది. దాన్ని ఎక్కడ పెట్టాలో చీటీ కూడా రాసింది, అమ్మమ్మ రాసినట్టే పెన్సిల్‌తో: "4వ మెట్టు, కుడి, ఆవు పక్కన".

అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతోంది, నేను సర్దుతున్నాను. ఒకచోట మాత్రం గొడవ. పెళ్లి ఊరేగింపు మధ్య మెట్టు మీద పెడతానన్నాను, రెండో మెట్టు మీదే అంది. చివరికి "సరే, కొలువు నీది" అని ఊరుకుంది. రెండు నిమిషాల తర్వాత నేనే తీసి రెండో మెట్టు మీద పెట్టాను. అక్కడే బాగుంది.

---

రాత్రి డ్యూటీ
జనవరి 15, ఉదయం 9:40

చిలకలగూడ అమ్మగారింటికి నిన్న వెళ్లాం. బాబు తల మీద పళ్లు పోస్తుంటే నోరు తెరిచి నవ్వుతూనే ఉన్నాడు, ఒక శనగ నోట్లో పడింది. ఇంటికి వచ్చాక అత్తగారి పెట్టెలోంచి ఇత్తడి ఆవు-దూడ తీసి చింతపండుతో తోమాను. కిటికీ గట్టు మీద పెట్టాను. గోదారిగట్టు బాబాయిగారూ, పిన్నిగారికి చెప్పండి.

---

లెక్కల పుస్తకం
జనవరి 15, మధ్యాహ్నం 2:00

మొత్తం 1,140 అయింది. చామంతి రేటు ఎక్కువ పలికింది. మా ఆవిడ చెరకు తనే బేరం చేసింది. వచ్చే ఏడాదికి నెలకి వంద చొప్పున విడిగా తీసి పెట్టడం మొదలుపెట్టాం.

---

ముగ్గులపీట
జనవరి 17, శనివారం, రాత్రి 11:55

ముక్కనుమ కూడా అయిపోయింది. మూడు సాయంత్రాలు కలిపి 40 మంది పైనే వచ్చారు. ఓ పెద్దావిడ గీత కార్మికుడి బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, వాళ్ల నాన్న తాటిచెట్లు ఎక్కేవాడని చెప్పింది. కుండని వేలితో మెల్లగా తాకి చూసింది.

ఈ రాత్రి హారతి ఇచ్చి, అమ్మ చేతుల మీదుగా ఒక బొమ్మని పడుకోబెట్టాం. ఎప్పుడూ పై మెట్టు మీది అమ్మవారినే పడుకోబెట్టేది. ఈసారి పాపని పిలిచి "నీ చిలకని పడుకోబెట్టు" అంది. పాప రుమాలు తెచ్చి కప్పింది.

రేపు మూటలు కట్టాలి. వేపాకు ఎండబెట్టి ఉంచాను. చీటీల్లో కొన్ని చిరిగిపోతున్నాయి. అమ్మ రాతవి అలాగే ఉంచి, వాటి వెనకాల కొత్త చీటీ అతికిద్దామనుకుంటున్నాను. కాగితానికి ఏ జిగురు మంచిది? చింతగింజలదే ఇంకా అరకప్పు మిగిలింది, ఫ్రిజ్‌లో ఉంది. కృష్ణ ఒడ్డు తమ్ముడూ, అది పనికొస్తుందా?

---

కృష్ణ ఒడ్డు
జనవరి 18, ఉదయం 7:20

అది పాడైపోయి ఉంటుంది అక్కా, పారేయండి. కాగితానికి కొత్తగా పలచగా ఉడికించండి, రంపపు పొట్టు కలపకుండా. అందులో చిటికెడు పసుపు వేస్తే పురుగు రాదంటారు.